సాక్షి దోషం

మొదటి రెండు సమ్మతులూ నొక్కేసింది నీలవేణి. మూడోది మత్తుకి. అదీ నొక్కితే బల్ల పైనున్న సూదిచేతులు కిందికి దిగి, బొడ్డు చుట్టూ గింజంత రంధ్రాలు చేసి, పొట్టను గాలితో ఉబ్బించి, పిత్తనాళం మీది తిత్తిని గంటన్నరలో తీసేస్తాయి. సాక్షిగా నీలవేణి చేసే పనల్లా నొక్కడమే. గదికో మనిషి ఉండాలని చట్టం ఉంది గనక సరిపోయింది గానీ, లేకపోతే ఆ కుర్చీ కూడా ఎప్పుడో తీసేసేవారు.

బల్ల మీద మూడేళ్ల తన్మయి బుద్ధిగా పడుకుని ఉంది. పొద్దుట్నుంచీ పస్తున్న పిల్ల ఇంత బుద్ధిగా ఉండదు. నీలవేణి వంగి చూసింది. పెదవి మూల తెల్లగా పాల చార.

"మత్తు సమ్మతికి నలభై సెకన్లు," అంది గోడలోంచి నిర్వాహిణి, ఆసుపత్రి గదులన్నీ నడిపే యంత్రం. పరగడుపేనని ఇంటివాళ్లు వేలిముద్ర వేశాక అది మరి అడగదు.

అద్దాల తలుపు అవతల పిల్ల నాయనమ్మ అప్పలనరసమ్మ నిలబడి ఉంది. గది బయటి మాట నిర్వాహిణికి వినపడదు. నీలవేణి గబగబా వెళ్లి గడప దాటింది.

"పాపకి పాలు పట్టారా అమ్మా?"

ముసలామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఆకలి ఆకలని ఏడస్తంటే సూడలేకపోనాను తల్లీ. అరగలాసుడే. సెప్తే వరస పోద్దని బయమేసింది. ఏడు నెల్లు కాసుకున్నాం."

వరస నిజంగానే పోతుంది. ఇంటివాళ్ల దోషమైతే మళ్లీ చివర నుంచే. తిత్తిలో చీము పడితే అన్నాళ్లు ఆగదు. ఇప్పుడే మత్తిస్తే పాలు పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఎటు చూసినా పిల్లకే ముప్పు. ఈ ఉద్యోగంలో ఇంత భయం నీలవేణి ఎన్నడూ పడలేదు.

ఊరికే నొక్కకుండా కూర్చుంటే నిర్వాహిణి కారణం తవ్వుతుంది, పాల సంగతి బయటపడుతుంది. సాక్షి దోషమైతే మాత్రం ఆ సాయంత్రమే మళ్లీ బల్ల ఇస్తారు. సాక్షి ఉద్యోగం ఊడుతుంది.

"పది సెకన్లు."

నీలవేణి లోపలికొచ్చి, తొడుగు లేని చేత్తో శుద్ధి చేసిన సూదిచేతిని పట్టుకుంది. అన్నీ ఆగిపోయాయి.

"కారణం?"

"చెయ్యి జారింది."

"పదకొండేళ్లలో మీ చెయ్యి జారలేదు."

"ఇవాళ జారింది. రాసుకో."

సాక్షి మాట కొట్టేసే అధికారం దానికి లేదు. తన్మయికి సాయంత్రం ఆరింటికి బల్ల రాసింది. కానీ లెక్క కుదరక, మిగతా పన్నెండు గదుల సాక్షులనూ అడిగింది: మీ చెయ్యి కూడా జారే వీలుందా?

ఏడో గది నుంచి ఒక పెద్దాయన గొంతు వినిపించింది.

"నిరుడు నాది జారాల్సింది. జారలేదు. బల్ల మీది బాబు బతకలేదు. వాడి పేరు చెప్తాను, రాసుకో."