రెండోసారి నొక్కని బెల్

"బెల్ ఒకసారి నొక్కేసి బొమ్మలా నిలబడితే నాకెలా తెలుస్తుందండీ? మిక్సీ మోతలో వినపడలేదు. మళ్ళీ నొక్కొచ్చుగా?"

"నొక్కాను కదా."

"ఒక్కసారి."

"ఒక్కసారే నొక్కాలి," అన్నాడు నాన్న, తడిసిన చొక్కా అంచు పిండుకుంటూ. "ఆ తర్వాత దాని ఇష్టం."

"చూడవే పిచ్చుకా, మీ నాన్న వరస," అంది అమ్మ. " వానలో నానడానికైనా సిద్ధమే గానీ వేలు కదపరట."

పిచ్చుక అని ఇంట్లో పిలిచే కూతురు తువ్వాలు తెచ్చేసరికి, నాన్న వెనక మెట్ల మీద ఇంకొకాయన కనిపించాడు. కుర్రాడే. సంచీని గుండెకు హత్తుకుని నిలువునా తడిసిపోయి ఉన్నాడు.

"నేనూ ఇందాకట్నుంచీ ఇక్కడే ఉన్నానండీ. సార్ నొక్కారు కదా అని నేను నొక్కలేదు."

పిచ్చుకకు నవ్వాగలేదు. తువ్వాలు ఎవరికివ్వాలో తెలియక సగం నాన్నకూ సగం అతనికీ చాపింది.

అతను కోర్టు పంపిన మనిషి. నాన్న ఒక పార్సెల్ కంపెనీ బ్రాంచి చూసేవాడు. కంప్యూటర్ లెక్కలో డబ్బు తక్కువ చూపిస్తోందని కంపెనీ ఆయన్ని దొంగను చేసి బయటికి పంపింది. చాలా ఊళ్ళలో చాలామంది బ్రాంచి మేనేజర్లకు ఇదే గతి పట్టడంతో అందరూ కలిసి కేసు వేశారు. ఆ లెక్కల సిస్టమ్‌ని విప్పి చూడమని కోర్టు నిపుణుల్ని వేసింది. వాళ్ళు ఎవరి పక్షమూ కారు.

"రోజూ మెషీన్ దగ్గర ఏం చేసేవారో చేసి చూపించండి సార్," అన్నాడతను.

నాన్న టేబుల్ మీదున్న ట్రేనే టచ్ స్క్రీన్ అనుకుని చూపించాడు. "పార్సెల్ బరువు కొడతాను. ఓకే నొక్కుతాను. ఒక్కోసారి బిగుసుకుపోయేది. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే మళ్ళీ నొక్కమనేవాళ్ళు. నొక్కేవాణ్ణి." ట్రే మీద వేలు అలాగే ఆగిపోయింది. "అప్పట్నుంచి దేన్నీ రెండోసారి నొక్కడం లేదు బాబూ. భయం."

అతను అదంతా రాసుకున్నాడు.

"అంటే తప్పు మెషీన్‌దేనా?" అంది పిచ్చుక, టీ అందిస్తూ.

"చెప్పకూడదండీ."

"మీ అనుమానం?"

"అదీ చెప్పకూడదు."

"పోనీ టీలో చక్కెర సరిపోయిందా? అదైనా చెప్తారా?"

"సరిపోయిందండీ," అన్నాడు కప్పులోకి చూస్తూ.

అతను వెళ్ళాక చూసుకుంది. చక్కెర వెయ్యనే లేదు.

తర్వాత కూడా వచ్చాడు. ఏమడిగినా నోరు మెదపడు గనక అమ్మ మౌనస్వామి అని పేరు పెట్టింది. అతను వస్తానన్న రోజు పిచ్చుక అంచు విరగని కప్పు వెతికేది. అది అమ్మ గమనించింది.

ఒకసారి అతనికి బదులు నెరిసిన జుట్టు మేడమ్ ఒకావిడ వచ్చింది. "ఆయన ఈ ఫైలు వదిలేశారు, ఇక నేను చూస్తాను," అంది, అంతే.

లాయరుకి ఫోన్ చేస్తే, "ఏదో సొంత కారణంలెండి, కంగారు పడకండి," అని నవ్వాడు. కంగారు పడొద్దన్న మాటే కంగారుకు చాలింది.

"నాలోనే ఏదో తప్పు దొరికుంటుంది. మొహం చూడలేక తప్పుకున్నాడు," అన్నాడు నాన్న. ఆ రోజు నుంచి లిఫ్ట్ బటన్ కూడా ముట్టుకోవడం మానేశాడు. మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లెక్కుతుంటే పిచ్చుక వెనకే నడిచేది. ఫోన్ మోగితే ఇంట్లో ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు.

పిచ్చుక కళ్ళజోళ్ళ షాపులో కళ్ళు పరీక్ష చేస్తుంది. ఒక సాయంత్రం ఆ కుర్చీలోకి వచ్చి కూర్చున్నది మౌనస్వామి. ఆమె అద్దాలు మార్చే ఫ్రేమ్ అతని ముక్కు మీద కాస్త గట్టిగానే పెట్టింది.

"ఇది బాగుందా, అదా?"

"ఇదేనండీ."

"మా నాన్న తప్పు చేశారనేనా వదిలేశారు?"

"కేసు గురించి ఒక్క ముక్క కూడా చెప్పలేను. నా గురించైతే చెప్పగలను."

"చెప్పండి. ఇదా, అదా?"

"అదే. మేం ఎవరివైపూ మొగ్గకూడదండీ. నేనేమో మీ ఇంటికి వచ్చే రోజు చొక్కా ఇస్త్రీ చేసుకోవడం మొదలుపెట్టాను. చక్కెర లేని టీలో చక్కెర సరిపోయిందన్నాను. అలాంటివాడు రాసిన రిపోర్టుని ఎదుటి లాయరు ఒక్క ప్రశ్నతో కొట్టిపారేస్తాడు. మునిగేది మీ నాన్నగారొక్కరే కాదు."

ఆమె చేతిలో అద్దం ఆగింది. "అందుకని?"

"ఆ ఇంటి అమ్మాయి అంటే నాకిష్టమని కోర్టుకు రాసిచ్చి తప్పుకున్నాను. రెండు పక్షాల లాయర్లకూ కాపీలు వెళ్ళాయి."

"అంటే జడ్జిగారికి తెలుసు."

"తెలుసండీ."

"ఎదుటి లాయరుకీ తెలుసు."

"ఆయనకూ తెలుసు."

"నాకు తప్ప."

"మీకు చెబుదామనే వచ్చాను," అన్నాడు, మూడు అద్దాల వెనక నుంచి గుడ్లగూబలా చూస్తూ. "ఒక్కసారే అడుగుతాను. నన్ను పెళ్ళి చేసుకుంటారా? మీరెప్పుడు చెప్పినా సరే."

"కేసు తేలేదాకా నా దగ్గర జవాబు లేదు."

"సరేనండీ."

లేచి, ఫ్రేమ్ తియ్యడం మరిచిపోయి అలాగే తలుపుదాకా వెళ్ళాడు. ఆమే వెళ్ళి తీసింది. చెవి వెనక వేలు తగిలితే ఇద్దరూ క్షమించండి అనుకున్నారు.

ఆ తర్వాతి రోజులు ఇంకా బరువుగా గడిచాయి. ఇప్పుడామెకు రెండు దిగుళ్ళు.

ఒక మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు లాయరు ఫోన్ వచ్చింది. నాన్న లేవలేదు. పిచ్చుకే తీసి స్పీకర్ మీద పెట్టింది. నెట్‌వర్క్ నెమ్మదించినప్పుడు ఓకే మళ్ళీ నొక్కితే, సిస్టమ్ ఒక్క పార్సెల్‌నే రెండుగా లెక్కేసిందట. అందుకే డబ్బు తక్కువ చూపించిందట. అన్ని బ్రాంచిల్లోనూ అంతేనట. మేడమ్ రిపోర్టును కోర్టు ఒప్పుకుంది. మేనేజర్లు ఎవరూ దొంగలు కారని తీర్పు వచ్చింది.

అమ్మ వడ్డిస్తున్న గరిటెతోనే కళ్ళు తుడుచుకోబోయింది. నాన్న తన వేలివైపు చాలాసేపు చూసుకున్నాడు.

"నాన్నా," అంది పిచ్చుక, "నేనొకరికి జవాబు చెప్పాలి." జరిగింది జరిగినట్టు చెప్పింది.

"మౌనస్వామేనా?" అంది అమ్మ. "ఆ నోట్లోంచి అంత మాట ఊడిపడిందా?"

"ముందు జడ్జిగారి దగ్గర ఊడిపడిందిలే."

"నీ జవాబేంటి?" అన్నాడు నాన్న.

పిచ్చుక కంచంలోకి చూసింది. "అవుననే, నాన్నా."

నాన్న ముద్ద తిని, నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టాడు.

"రేపు పొద్దున నేనూ మీ అమ్మా ఆ అబ్బాయి వాళ్ళింటికి వెళ్ళి మాట్లాడతాం."

"బాగానే ఉంది. ఒకసారి బెల్ కొట్టి, వాళ్ళు తియ్యకపోతే సాయంత్రం దాకా నిలబడాలా నేను?" అంది అమ్మ.

"తియ్యకపోతే," అన్నాడు నాన్న, "మళ్ళీ నొక్కుతాను."