ముందే కోసిన మార్కు

పైనున్న బార్‌ని కరుణ వదలకముందే బోర్డు మీద ఎర్రగా అంకె వెలిగింది. ఒకటి.

పైడిరాజు మాస్టారు ఒక్క అంగలో బార్ కిందకి దూకి, గాల్లో పిల్లిమొగ్గ వేసి వస్తున్న పిల్ల నడుం కింద రెండు చేతులూ పెట్టేశాడు. కరుణ చేతికి బార్ అందింది. ఆ రోజు కూడా గండం గడిచింది.

"సూశారా డాక్టరు గారూ? మూడు వారాల నుంచీ ఇదే వరస. ఈ పిల్ల ఎప్పుడో ఒకప్పుడు పడిపోద్ది!" అన్నాడాయన, తెర ముందు కూర్చున్న డాక్టర్ హేమనళినితో.

భయపడ్డాడంటే పడడూ మరి! విజయనగరంలో ఇరవై రెండేళ్ళుగా పిల్లలకి జిమ్నాస్టిక్స్ నేర్పుతున్న మనిషి. వాళ్ళలో ఒక పిల్ల మెడ విరగడం కళ్ళారా చూశాడు.

ఈ ఆటలో మార్కులు వేసే తీరే వేరు. చేసిన ఫీట్లు ఎంత కష్టమైనవో చూసి ఒక మార్కు కూడతారు. ఎంత శుభ్రంగా చేశారన్నదానికి మరో మార్కు. ఈ రెండోదాంట్లో ముందుగానే పదికి పది చేతిలో పెట్టేసి, ఆ తర్వాత కోసుకుంటూ పోతారు. కాలివేళ్ళు సాగకపోతే పాయింట్ ఒకటి, అంటే మార్కులో పదో వంతు. మోకాలు బాగా వంగితే పాయింట్ అయిదు. కింద పడితే ఏకంగా ఒకటి పోతుంది. కన్ను మూసి తెరిచేలోగా అయిపోయే తప్పుల్ని మనుషులు పట్టలేకపోతున్నారని డాక్టర్ హేమనళిని 'నిక్కచ్చి' అనే యంత్రం తయారుచేసింది. కప్పు నిండా కెమెరాలు, మ్యాట్ కింద సెన్సర్లు. కండరాలు బిగుసుకునే తీరు చూసి, జరగబోయే తప్పుని అది ముప్పావు సెకను ముందే లెక్కగట్టి బోర్డు మీద వేస్తుంది. పడబోయే పిల్లల్ని కాపాడుకోవచ్చని ఆవిడ ఆశ.

ఆవిడ రికార్డులన్నీ తిరగేసి, మాస్టారిని పక్కకి పిలిచింది.

"కోచ్ చెయ్యి తగిలితే ఎంత కోస్తారు మాస్టారూ?"

"అదీ ఒకటేనండి..." అని ఆయన ఆగిపోయాడు.

"నిక్కచ్చి కెమెరాల్లో మీరూ కనబడుతున్నారు. మీ భుజం కదలడం చూసి, మీరు చెయ్యి పెట్టబోతున్నారని అది చెబుతోంది. అంకె చూసి మీరు నిజంగానే పెడుతున్నారు. అది లెక్కగట్టింది కరుణ పడడాన్ని కాదు, మీ భయాన్ని!"

మాస్టారికి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఇన్నాళ్ళూ తన పిరికితనమే పిల్ల మార్కు తినేస్తోందన్నమాట. మర్నాడే విశాఖలో జాతీయ జట్టు ఎంపిక, అక్కడా మార్కులు వేసేది నిక్కచ్చే. ఒక్క మార్కు పోతే కరుణ చోటు గల్లంతే. ఈ సంగతి చెబితే పిల్ల బెదురుతుందని, చెప్పకుండానే తీసుకెళ్ళాడు.

ఎంపిక హాల్లో కరుణ చేతులకి చాక్ పొడి రాసుకుని, బార్ ఎక్కేముందు ఆయన వంక ఒకసారి చూసింది. ఆయన నవ్వాననుకున్నాడు. పెదాలు మాత్రం కదల్లేదు. బార్ పక్కన నిలబడి రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. కదిలితే చంపేస్తాననుకున్నాడు, తనని తానే.

బార్ మీద కరుణ మోకాళ్ళు జోడించినట్టే ఉన్నాయి. కాలివేళ్ళు చక్కగా సాగాయి. పాయింట్ ఒకటి కూడా కొయ్యడానికి లేదు. కరుణ పైకి ఊగింది.

బోర్డు మీద ఒకటి వెలిగింది.

మాస్టారి కాళ్ళు ముందుకి లాగాయి. 'అది నీ భయంరా పైడిరాజూ, పిల్ల భయం కాదు' అని వెనక ఒక చేతి మణికట్టుని రెండో చేత్తో నొక్కిపట్టాడు. గోళ్ళు దిగబడ్డాయి. అడుగు కదపలేదు.

కరుణ వేళ్ళు బార్‌కి బెత్తెడు దూరంలో గాలిని పట్టుకున్నాయి. మ్యాట్ మీద వీపు పడిన చప్పుడు హాలంతా వినబడింది. మోచెయ్యి తిరగకూడని వైపుకి తిరిగిపోయింది.

హేమనళిని తెర ముందు నుంచి లేవలేకపోయింది. మూడు వారాలుగా ఆ చోట ఒక చెయ్యి ఉంటుందని పిల్ల ఒంటికి అలవాటైపోయింది. దాన్ని నమ్ముకుని భుజాలు పూర్తిగా చాపడమే మానేసింది. అంతా తెర మీద ఉంది. ఆ రోజు నిక్కచ్చి ఒక్క తప్పు కూడా చెయ్యలేదు.

మాస్టారు పిల్ల పక్కన కూలబడ్డాడు. స్ట్రెచర్ వచ్చేలోగా కరుణ కళ్ళు తెరిచి, కోపం లేకుండా, నిజంగానే తెలియక అడిగింది.

"మీ చెయ్యేటయిపోనాది మాస్టారూ?"