చందుర్తి మలుపు దగ్గర రెండు హారన్లు

ఆ రోజు పొద్దున లక్ష్మీరాజం మోటారు సైకిల్‌కు కిక్కు కొట్టాడు. బండి లేచింది, మనిషి పడిపోయాడు!

వాకిలి ఊడుస్తున్న శంకరవ్వ చీపురు పారేసి పరుగెత్తింది. మొగుడి తల ఒళ్లోకి తీసుకుంది. పెదాలు నల్లబడ్డాయి, చొక్కా చెమటకు తడిసి ముద్దయింది... పక్కన ఆ బండి మాత్రం ఏమీ ఎరగనట్టు పటపటా వాగుతూనే ఉంది. జగిత్యాల డాక్టర్ గుండె చూశాడు. ఇంకోసారి కిక్కు కొడితే తన దగ్గరికి తేవద్దనీ, నేరుగా కాటికే తీసుకుపొమ్మనీ చెప్పాడు.

ఆ బండి శంకరవ్వకు సవతి. ఆమె సిరిసిల్లకు కాపురానికి వచ్చేనాటికే ఇంట్లో తిష్ట వేసింది. వానకు ఇల్లు కురిస్తే మరమగ్గం సాంచాల పక్కన పొడిచోట బండి పడుకునేది, ఆలుమగలు గొడుగు కింద కూర్చునేవాళ్లు. దసరా పూజకు బట్టనేసి బువ్వపెట్టే సాంచాలకు తలా ఒక పువ్వు, బండికి మూర పొడుగు దండ! సైలెన్సర్ లోపలి జాలీ పీకించాడు కాబట్టి ఆ మోతకు వీధిలోని సాంచాలన్నీ సిగ్గుపడి కాసేపు ఊరుకునేవి. లుంగీల మూటలు కట్టుకుని కోరుట్లకు బయల్దేరితే, ఆయన చందుర్తి దాటకముందే కోరుట్ల సేటు చప్పుడు విని చాయ్ చెప్పేవాడట. అందులో అబద్ధం ఏమన్నా ఉంటే అది చాయ్ ఒక్కటే, సేటు అంత మంచివాడు కాదు.

అలా నవ్వుకునే ఇల్లే అది... జగిత్యాల కాలేజీలో చదివే ఒక్కగానొక్క కొడుకు మొగిలి నక్సలైట్ అన్నల వెంట అడవికి పోయేదాకా! అప్పటినుంచి ఆ ఇంట్లో సాంచాలు ఆగితే చాలు, శంకరవ్వకు గుమ్మంలో అడుగులు వినిపించేవి. కొన్నిసార్లు అవి పోలీసులవే. కొడుకెక్కడని అడిగేవాళ్లు, మూటలన్నీ విప్పి పారేసి పోయేవాళ్లు. మిగతాసార్లు తలుపు తీస్తే ఎవరూ ఉండేవాళ్లు కాదు.

లక్ష్మీరాజానికేమో బండి పిచ్చి మరీ ముదిరింది. మూటలున్నా లేకున్నా ఆదివారం వస్తే కోరుట్ల దారి పట్టేవాడు. కొడుకు పోయిన ఇంట్లో ఈ షికార్లేమిటని ఆమె ఏడిస్తే తల వంచుకునేవాడు.

అందుకే ఆసుపత్రి నుంచి వచ్చిన నాడే మెకానిక్ ఎర్రయ్యతో ప్లగ్గు ఊడదీయించి, కందిపప్పు డబ్బా అడుగున దాచింది. సవతి నోరు మూసినట్టయింది.

"ఆదివారం ఒక్కటి పోయస్త, శంకరీ," అని బతిమాలాడు లక్ష్మీరాజం. "మెల్లగ పోత."

"పో. నా పుస్తె తెంపి గా హ్యాండిల్‌కు కట్టుకొని పో."

ఆయన ఏదో చెప్పబోయాడు... వీధి వైపు చూసి నోరు మూసుకున్నాడు.

బతుకమ్మ రోజులు గడిచాయి, దసరా వచ్చింది. పొద్దుగూకే వేళ వీధి జనమంతా వచ్చి, జమ్మి ఆకును బంగారమంటూ ఆమె చేతిలో పెట్టి కాళ్లు మొక్కి పోతున్నారు. తలకు తువ్వాల చుట్టుకున్న ఒకడు ఆకు పెట్టి, పాదాల మీద వంగి, ఇక లేవలేదు.

"అవ్వా, నాయిన బతికున్నడా?"

శంకరవ్వ కిందికి చూసింది. ఆ గొంతు... తన పాదాల మీది ఆ వేళ్లు!

"గుట్ట మీదికెల్లి బండి సప్పుడు ఇంటుంటి," అన్నాడు మొగిలి తల ఎత్తకుండానే. "నాయిన చందుర్తి మలుపుకాడ రెండు హారన్లు కొడ్తడు. ఇంట్ల అందరు మంచిగున్నట్టు. ఇప్పుడు బండే అస్తలేదు... పాణం ఆగలే."

లోపలి నుంచి గోడ పట్టుకుని వచ్చాడు లక్ష్మీరాజం. కొడుకు ఇచ్చిన జమ్మి ఆకు అందుకుని, వాడి చెంప మీద చేయి వేశాడు. అంతలో ఇంకో గుంపు వచ్చింది, మొగిలి వాళ్లలో కలిసి వెళ్లిపోయాడు.

దీపావళి రాకముందే కబురొచ్చింది. చందుర్తి గుట్టల్లో... ఎదురుకాల్పులని చెప్పారు. దసరా నాడు ఊళ్లోకి వచ్చినప్పుడే ఎవరో చూసి జాడ పట్టించారని వీధి వీధంతా గుసగుసలాడింది.

శంకరవ్వ పప్పు డబ్బా బోర్లించి, ప్లగ్గు తెచ్చి మొగుడి ముందు పెట్టింది.

"నేనే సంపిన."

లక్ష్మీరాజం దాన్ని చేతిలోకి తీసుకుని అంటిన పప్పు పొట్టు తుడిచాడు.

"తెలిసినోళ్లనే గద పోలీసులు కొడ్తరు. నిన్ను కొట్టొద్దని నీకు చెప్పకపోతి," అన్నాడు. "నువ్వు నన్ను బతికియ్యాలని దాస్తివి. వాడు నన్ను సూడాలని అచ్చిండు. ఇందుల తప్పెవలిదని సెప్పుదు?"

ఆ రాత్రి ఇద్దరూ ఒకరి చేయి ఒకరు విడవలేదు.

పెద్దకర్మ అయినాక వచ్చిన ఆదివారం, ఎర్రయ్య ప్లగ్గు పెట్టి పోయాక, శంకరవ్వ కొంగు నడుముకు బిగించి బండి దగ్గరికి నడిచింది. లక్ష్మీరాజం హ్యాండిల్ పట్టుకుని కూర్చుంటే ఆమె కిక్కు కొట్టింది. లేవలేదు. మళ్లీ కొట్టింది. వీధిలో ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. కాలు బెణికినా ఆపలేదు... బండి పట పట పటమని లేచింది! ఆమె వెనక ఎక్కి ఆయన ఛాతీ చుట్టూ చేయి వేసింది. బండి అదురుడో, గుండె అదురుడో గాని, దారి పొడుగునా అరచేతికి తగులుతూనే ఉంది.

చందుర్తి మలుపు దగ్గర లక్ష్మీరాజం ఆపాడు. రెండు హారన్లు కొట్టాడు. గుట్ట ఆ చప్పుడును మింగేసింది. ఆకు కూడా కదల్లేదు. ఆయన కళ్లు తుడుచుకుని గేరు వేయబోతుంటే, శంకరవ్వ భుజం పట్టి ఆపింది.

"ఇంకోసారి కొట్టు," అంది గుట్ట మీదనుంచి చూపు తిప్పకుండా. "నిద్రల ఉన్నడేమో."