దండేసిన ఫోటో

ఉమామహేష్ చావడం రేవతికి కొత్త కాదు. పదేళ్లలో నాటకాల్లో విషం తాగి, సినిమాల్లో మొదటి ఫైట్‌లోనే కత్తిపోటు తిని, సీరియళ్లలో లారీ కింద పడి ఎన్నిసార్లు చచ్చాడో అతనికే గుర్తులేదు. కానీ మొన్న సోమవారం చచ్చిన చావు మాత్రం ఆమె కొంప ముంచింది.

ఆ సాయంత్రం సీరియల్లో అతని పాత్ర పోయింది. వెంటనే గోడ మీద అతని ఫోటో, దానికి బంతిపూల దండ, ముందు దీపం చూపించారు. చిక్కుడుకాయలు ఒలుస్తున్న రేవతి తల్లి మంగాయమ్మ చేతులు ఆగిపోయాయి.

"ఒలమ్మో! ఇది మన స్టూడియోలో తీసిన ఫోటో కాదేటే?"

కాకపోవడమేమిటి! తండ్రి పోయాక చోడవరం బస్టాండు ఎదుట ఫోటో స్టూడియో నడిపేది రేవతే. గడ్డం ఎత్తు, పళ్లు దాచు, కళ్లతో నవ్వు అని గంటసేపు వేధించి తీసింది. పెళ్లి మాటల కోసం తల్లి చేతికిచ్చింది. ఉమామహేష్ రావికమతంలో ఉండే దూరపు మేనమామ కొడుకు, వరసకి బావే. మంగాయమ్మ ఆ ఫోటోని అమ్మవారి పటం దగ్గర పెట్టి, వారం ఆలోచించి, సరేనంది కూడా.

ఇప్పుడు గోడ మీద దండతో వేలాడుతున్న భర్త ఫోటో వైపు చెయ్యి చూపించింది.

"ఈ గోడకి ఒకటి సాలదేటి? దండేసిన ఫోటోకి పిల్లనివ్వను. ఇవ్వనంటే ఇవ్వను."

కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేసి లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే చచ్చినవాడు మాడుగుల హల్వా డబ్బాతో స్టూడియోకి వచ్చాడు.

"సూసేవా రేవతీ? ఎలాగుంది నా ఎపిసోడు?"

"బావా, నీకు ఇంకో ఫోటోయే దొరకలేదా?"

"అర్జెంటుగా మంచి ఫోటో కావాలన్నారు. ఫోన్లో అదొక్కటే బాగుంది. నువ్వు తీసేవు కదా."

రేవతికి లోపల్లోపల కాస్త మురిపెం కలిగింది. మురిసినందుకు ఇంకా ఒళ్లు మండింది.

"పెళ్లికని తీసేను బావా, తద్దినానికి కాదు! అమ్మ పెళ్లి వద్దంటంది."

అతని ముఖం వాడిపోయింది. వాడిపోవడం కూడా మూడు క్షణాలు ఆగి, కుడివైపు తిరిగి వాడిపోయింది. నటుడు కదా!

"అత్తకి నేను సెప్తాను. నటన వేరు, బతుకు వేరని."

"సెప్పేవులే. నిరుడు నువ్వు టీవీలో పోతే అమ్మ తలస్నానం సేసేకే అన్నం తినింది."

"అయితే ఆదివారం ఇక్కడే నాటిక పోటీలున్నాయి కదా, అత్తని ముందు వరసలో కూర్సోబెట్టు. ఎదురుగా సూస్తే భయం పోద్ది."

"అందులో నీ వేషమేటి?"

అతను హల్వా డబ్బా మూత తీశాడు.

"బావా!"

"సెరుకు రైతుని. సివర్న సచ్చిపోతాను. కానీ ఏం సావనుకున్నావు! ఉత్తమ నటుడు ఈసారి నాదే. పదేళ్ల నుంచి ఎదురుసూస్తన్నాను."

రేవతి తల పట్టుకుంది. ఈ మనిషికి చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే.

"నాకోసం ఒక్కసారి బతకొచ్చు కదా బావా?" అంది.

"తెర పడకుండా శవం లేస్తే, నటుడు పోయినట్టే రేవతీ. రోలుగుంట నాటకంలో గండుచీమ సెవిలో దూరినా..."

"కదల్లేదు. నలభైసార్లు సెప్పేవు."

ఆదివారం సాయంత్రం, రానురానంటూనే మంగాయమ్మ కొత్త చీర కట్టుకుని అందరికంటే ముందే వెళ్లి కూర్చుంది. ఫోటోలు తీసే పని రేవతిదే కాబట్టి ఆమె కెమెరాతో వేదిక పక్కన నిలబడింది.

ఉమామహేష్ నిజంగానే గొప్పగా చచ్చాడు. కూతురు తెచ్చిన నీళ్ల చెంబు వైపు చెయ్యి చాచి, అందుకోకుండానే ఒరిగిపోయాడు. హాలంతా ఊపిరి బిగబట్టింది. న్యాయనిర్ణేత ఒకాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఇంక కూతురి ఆఖరి మాటలు, తెర, అంతే.

అప్పుడే ముందు వరసలోంచి కేక వినిపించింది.

"ఒరే మహేషూ! లెగు నాయినా! పిల్లనిస్తాను, లెగరా!"

శవం కదల్లేదు.

'ఇస్తానందిరా దేవుడా, లెగు!' అని రేవతి పళ్లు నూరుకుంది. శవానికి రెప్ప కూడా అదరలేదు. ఆమెకి కెమెరా తీసి అతని మీదికి విసరాలనిపించింది.

మంగాయమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని వేదిక ఎక్కేసింది. అతని భుజం పట్టి ఊపింది.

"లెగట్లేదేటే రేవతీ? మీ నాన్న కూడా ఇలాగే... ఎంత పిలిసినా..."

రేవతి కోపం ఒక్కసారిగా దిగిపోయింది. నాన్న పోయిన పొద్దున స్టూడియోలో ఆయన పక్కన కూర్చుని అమ్మ ఇలాగే పిలిచింది. ఇలాగే భుజం ఊపింది. నాన్న లేవలేదు.

"బావా," అంది మెల్లగా.

ఉమామహేష్ కళ్లు తెరిచాడు. వంగి ఉన్న మంగాయమ్మ ముఖం చూశాడు. ఈసారి ఏ క్షణమూ ఆగలేదు, ఏ వైపూ తిరగలేదు. గబుక్కున లేచి కూర్చుని ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

"లేసేను అత్తా. ఇదిగో, లేసేను."

హాలు గొల్లుమంది. ఈలలు, చప్పట్లు. న్యాయనిర్ణేత నిట్టూర్చి కాగితం మీద ఏదో కొట్టేశాడు. ఉత్తమ నటుడు బహుమతి పాయకరావుపేట వాళ్లకి పోయింది.

ముగ్గురూ ఇంటికి వెళ్తుంటే మంగాయమ్మ కళ్లు తుడుచుకుంటూ సణిగింది. "అంత మంచి నాటకం! కాసేపు పడుండక లేసిపోయి పాడుసేసేడు."

"నువ్వే కదా లెగమన్నావు!" అన్నారిద్దరూ.

మాఘమాసంలో పెళ్లయింది. తలంబ్రాలయ్యాక రేవతి కెమెరాకి టైమర్ పెట్టి, పరుగున వచ్చి అతని పక్కన నిలబడింది. ఈసారి బంతిపూల దండ మెడలోనే ఉంది.

"ఫోటో బాగా వచ్చింది. నా ఫోన్లోకి పంపు," అన్నాడతను.

"పంపుతాను. కానీ ఏ సీరియలోడికైనా ఇచ్చేవంటే," అంది రేవతి, "ఈసారి తెర పడ్డా లెగవు."