మూడు గ్రంథశాలలు, ఒక్క తాడు

నీలకొండ రాజ్యం గురించి చెప్పమంటే నాకు ముందు కోపం వస్తుంది, కథ తరవాత వస్తుంది. కాస్త ఓర్చుకుని వినండి.

ఆ రాజ్యంలో మూడు గొప్ప గ్రంథశాలలు ఉండేవి. ఒకటి కొండ కొమ్మున, ఒకటి ఏటి నడుమ లంకలో, ఒకటి అడవిలో. మూడింటి నిండా తాళపత్ర గ్రంథాలే. అయితే ఒకదానిలో ఏముందో మరొకదానికి తెలియదు, తెలియనివ్వరు. కొండవారి తాటాకుకి తాడు దూర్చే బెజ్జం ఎడమవైపు ఉంటే, లంకవారి ఆకుకి కుడివైపు ఉండేది. అడవివారు రెండు చివరలా పొడిచేవారు. ఎందుకో తెలుసా? ఒకరి ఆకు మరొకరి తాడుకి ఎక్కకుండా! చదువుకున్నవారి తెలివి ఎలా తగలబడిందో చూశారా?

ఒక ఏడు వేసవిలో ఆ రాజ్యపు పిల్లలకు ఎన్నడూ వినని జబ్బు వచ్చింది. ముందు పాదాలు కొయ్యగా మారేవి. తరవాత రోజుకి రెండు వేళ్ళ మేర ఆ కొయ్య పైకి పాకేది. మెడ దాటితే ప్రాణం దక్కదు. రాజు చిత్రసేనుడు మూడు గ్రంథశాలలకూ దూతలను పంపాడు. మూడుచోట్ల నుంచీ ఒకే జవాబు వచ్చింది: "మందు మా గ్రంథంలో ఉన్నది. ముందు మా గ్రంథశాలే గొప్పదని రాజముద్ర వేసి పంపండి." ముద్ర ఎవరికి వేయాలా అని రాజసభ పదిహేను రోజులు తర్జనభర్జన పడింది. ఆ పదిహేను రోజులూ పిల్లలు కొయ్యబారుతూనే ఉన్నారు.

ఆ ఊళ్ళోనే అప్పన్న అనే ఆయన ఉండేవాడు. తాటాకులు కోసి, ఉడికించి, ఆరబెట్టి, రాతకు సిద్ధం చేయడం ఆయన పని. ఆయనకు ఇద్దరు కూతుళ్ళు. పెద్దది పైడి. ముక్కు మీదే కోపం. చిన్నది ముత్తి. ఆరేళ్ళ ముత్తికి అప్పటికి నడుము దాకా కొయ్యబారింది.

"అప్పా, నన్ను పొయ్యిలో ఎట్టరు కదే?" అని ముత్తి అక్కని అడిగింది.

ఆ మాటకి పైడి ఏడవలేదు. లేచి, సంచిలో గంటం, మసిపొడి, తాడు, ఉత్త ఆకులు సర్దుకుంది.

"అయ్యా, నానెల్తాను. రాజుగారి సబ తెమిలేసరికి మన ముత్తి మానైపోద్ది."

"ఒక్కదానివీ ఎల్లి ఏటి సేత్తావే?" అన్నాడు అప్పన్న.

"అడుగుతాను. ఇవ్వకపోతే తిడతాను."

ఊరి పొలిమేరలో ఆకాశాన్నంటే తాడిచెట్టు ఒకటి ఉంది. దాని మీద నుంచి ఎవరో పిలిచారు. "పళ్ళు పటపటా కొరుక్కుంటూ ఎక్కడికే పిల్లా?"

చూస్తే తెల్లజుట్టు యక్షిణి. పైడి సంగతి చెప్పగానే యక్షిణి కిందికి దిగి తల పట్టుకు కూర్చుంది. "ఆ వైద్యగ్రంథం రాసింది నేనే. నా ముగ్గురు శిష్యులు దాన్ని ముక్కలు చేసి, తలా ఒక ముక్క ఎత్తుకుపోయి దాచారు. వాళ్ళను పాము, మొసలి, రాక్షసుడు కమ్మని శపించాను. వందేళ్ళలోగా ముక్కలన్నీ ఒకే తాడు మీదికి రాకపోతే, వాళ్ళు తాళాలేసిన పెట్టెల్లాగే ఈ రాజ్యపు పిల్లలు కొయ్యబారుతారన్నాను. ఈ వేసవితో నూరేళ్ళు నిండాయి."

పెద్దల తప్పుకి పిల్లలకు శాపమేమిటని మీరు అడుగుతారు. నేనూ అదే అడుగుతాను. పైడి మాత్రం మొహం మీదే అడిగేసింది. "తప్పు సేసినోళ్ళు ఆళ్ళయితే నా సెల్లి కాళ్ళు తీసుకున్నావా? నీకు బుద్దుందా?"

"లేదు. కోపంలో నోరు జారాను. వెనక్కి తీసుకోబోతే మాట రాలేదు. మందు పేరు కూడా నా నాలుక మీంచి పోయింది," అంది యక్షిణి సిగ్గుపడి. "ఒక్కటి గుర్తుంచుకో. దొంగిలించిన ఆకు పొడై రాలిపోతుంది. అడిగి, చూసి, నీ ఆకు మీద రాసుకో."

కొండ కొమ్మున, గ్రంథశాల వాకిట, ఐదు తలల పాము పడగలెత్తింది.

"ఆగుము! ఇందలి గ్రంథము అదృశ్యలిపిలో ఉన్నది. పుణ్యాత్ములకు తప్ప కనిపించదు. నీకిక్కడేమి పని?"

"మరి నీకు కనపడ్డాదా?"

ఐదు తలలూ ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. పాము పెట్టె తెరిచింది. ఆకు మీద నిజంగానే ఒక్క అక్షరం లేదు. కాని పైడి తాటాకుల ఇంట పుట్టిన పిల్ల. వేలితో తడిమితే గంటం గీతలు తగిలాయి.

"అదృశ్యవూ లేదు, నీ తలకాయీ లేదు. మసి పుయ్యలేదు!" అని అరిచింది.

గంటంతో గీసిన అక్షరం మసి రుద్దితే తప్ప పైకి కనిపించదు. పరులెవరూ చదవకూడదని ఆ శిష్యుడు మసి పూయకుండా దాచాడు. అడిగినవారికి అదృశ్యలిపి అని చెప్పాడు. చెప్పగా చెప్పగా, తాను పుట్టించిన అబద్ధాన్ని తానే నమ్మాడు. పైడి ఆకుపసరులో మసి కలిపి రుద్దింది. నల్లని అక్షరాలు వరసగా తేలాయి: "కొయ్యబారినవారికి నీలిగోరు ఆకు పసరు." దాని కింద ఇంకొక పంక్తి ఉండాలి. అక్కడ చెదలు తినేసిన కన్నం ఉంది.

"వందేళ్ళు కాపలా కాసి సెదపురుగులకి ఎట్టేవా?" అంది పైడి. పాము ఐదు తలలూ దించుకుంది. పైడి ఉన్నది రాసుకుని, దారిలోని గట్టున నీలిగోరు ఆకు కోసుకుని, ఏటికి దిగింది.

లంక రేవులో ముసలి మొసలి నోరు తెరుచుకుని పడుకుని ఉంది. "కొండవాడి రహస్యం చూపిస్తేనే నాది చూపిస్తాను," అంది. పైడి వెంటనే చూపించింది. మొసలి కన్నీళ్ళు కారేలా నవ్వింది. "ఉత్త ఆకు పేరా! ఇంతోటి దానికా వాడి మిడిసిపాటు?"

"నీ దాంట్లో ఏటుంది?"

"తేనెలో కలిపి ఒక జాము ఎండలో ఉంచవలెను!" అంది మొసలి దర్జాగా.

"ఏటి కలపాల?"

 వందేళ్ళలో ఆ ప్రశ్న మొసలికి తట్టనే లేదు. పైడి ఆ ముక్క రాసుకుని, మొసలి వీపు మీదే ఏరు దాటింది. దారిలో నీలిగోరు పసరు తీసి, పుట్టతేనె కలిపి, దొప్పలో పోసి ఒక జాము ఎండకు పెట్టింది. ఇక ఎంత వేయాలో తెలియాలి.

అడవి గ్రంథశాల ముందు రాక్షసుడు కొండలా కూర్చుని ఉన్నాడు. ఒక గుప్పిట తాటాకు, ఇంకో చంకలో దుప్పటి మూట. పైడిని చూడగానే గర్జించాడు. "నా ఆకే గ్రంథమని, మిగతావి చెత్త అని మొక్కు. లేకపోతే నలిపేస్తాను!"

 ఆ పిడికిలి చూస్తే పైడికి, మొక్కితే పోతుందిగా అనిపించింది. కాని ముత్తి అడిగిన మాట గుర్తొచ్చి ఒళ్ళు భగ్గుమంది.

"మొక్కను! నీ సేతిలో ఉన్నది ముక్క! ఆళ్ళదీ ముక్కే! ముక్కలట్టుకుని మీరు ముగ్గురూ ఊరేగుతుంటే, అక్కడ నా సెల్లి పొయ్యిలో ఎడతారేమోనని బయపడతంది!"

రాక్షసుడు పిడికిలి ఎత్తాడు. ఎత్తిన చేయి అలాగే ఆగిపోయింది. చంకలోని దుప్పటి జారింది. అందులో నాలుగేళ్ళ రాక్షస పసివాడు ఉన్నాడు. గడ్డం కింది దాకా కొయ్య. కళ్ళు మాత్రం కదులుతున్నాయి.

"మూడు చుక్కలు నాలుక మీద, మించితే ప్రాణం పోతుంది. ఇదీ నా ఆకులో ఉన్నది," అన్నాడు రాక్షసుడు. "దేని చుక్కలో తెలియదు. వారం నుంచి ఈ ఒక్క ముక్కే చదువుతున్నాను, తల్లీ."

"ఎల్లి ఆళ్ళనడగలేకపోయావా?"

"ఎలా అడగను? అడిగితే నా దగ్గర లేదని తెలిసిపోదూ?"

పైడి పళ్ళు పటపటా కొరికింది.  రాక్షసుడు చూపించిన ముక్క రాసుకుంది. కొండవారి ఎడమ బెజ్జం, లంకవారి కుడి బెజ్జం, అడవివారి రెండు బెజ్జాలూ వదిలేసి, తాను రాసిన మూడు ఆకులకూ సరిగ్గా నడిమధ్యన గంటంతో ఒకటే బెజ్జం పొడిచింది. తాడు దూర్చి ముడి వేసింది. ఆ క్షణాన దూరంగా కొండ మీద పాము, ఏట్లో మొసలి, ఎదుట రాక్షసుడు, ముగ్గురూ గడ్డాలు నెరిసిన మనుషులైపోయారు. పసివాడి నాలుక మీద మూడు చుక్కలు పడగానే కొయ్య కరిగి, వాడు కెవ్వున ఏడ్చాడు. ఆ ఏడుపుకి తండ్రి నవ్వాడు.

యక్షిణి సుడిగాలిలా వచ్చి పైడిని ఇంటి ముంగిట దించింది. ముత్తికి గొంతు దాకా వచ్చేసింది. మూడు చుక్కలు వేయగానే మెడ కదిలింది, చేతులు కదిలాయి, మోకాళ్ళు వంగాయి. అప్పన్న కూతురిని ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. సాయంత్రానికల్లా మందు రాజ్యంలోని ప్రతి ఇంటికీ చేరింది.

చిత్రసేనుడు పైడిని సభకి పిలిపించాడు. అర్ధరాజ్యం ఇస్తానన్నాడు, కొడుకుని ఇచ్చి పెళ్ళి చేస్తానన్నాడు.

"మీ రాజ్యం నాకెందుకు? ఆ మూడు గ్రంథశాలల తాళాలియ్యండి," అంది పైడి.

ఇచ్చాడు. ఇవ్వక ఏం చేస్తాడు? ఆనాటి నుంచి మూడుచోట్లా ఒకటే పద్ధతి. ప్రతి ఆకుకీ నడిమధ్యనే బెజ్జం. ప్రతి గ్రంథానికీ మూడు ప్రతులు, ఒక్కో గ్రంథశాలలో ఒకటి. ఎక్కడ ఏముందో చెప్పే పట్టిక ఒకటి తయారు చేసి, దాన్ని కూడా మూడు గ్రంథశాలల వాకిళ్ళలో వేలాడదీశారు. ఎవరైనా వచ్చి చూడవచ్చు, రాసుకోవచ్చు, తప్పుంటే పెద్దలతో చెప్పి దిద్దించవచ్చు. మాజీ పాము, మాజీ మొసలి, మాజీ రాక్షసుడు ముగ్గురూ పక్కపక్కన కూర్చుని వేళ్ళు నొప్పెట్టేలా ప్రతులు రాశారు. పైడి నిలబడి రాయించింది.

అంతా బాగుంది కదా? నా కోపం మాత్రం ఇంకా తీరలేదు. చెదలు తిన్న ఆ పంక్తిలో ఏముందో యక్షిణికీ గుర్తు రాలేదు, ఇంకెవరికీ తెలియదు. అందుకే ఆ రాజ్యంలో ప్రతి పిల్లకీ, ప్రతి పిల్లాడికీ ఎడమకాలి చిటికెనవేలు కొయ్యగానే ఉండిపోయింది.

ముత్తి పెరిగి పెద్దదై కొండ గ్రంథశాలకి అధికారిణి అయింది. అక్కడికి ఎవరైనా పండితుడు వచ్చి, "ఈ గ్రంథం మాది, ఇంకొకరికి చూపించం," అంటే ఆమె వాదించేది కాదు. ఎడమకాలు కాస్త ముందుకు చాచి, చిటికెనవేలితో నేల మీద టకటకా కొట్టేది. ఆ చప్పుడు విన్నవాడు వెంటనే మూట విప్పేవాడు.