అరువు నోరు

"సిహబా! కొంబో వాళ్లొచ్చి నిన్ను పెళ్లికి అడిగారే! మీ పెదనాన్న సరేనన్నాడు. ఇక నీ మాటే మిగిలింది!"

మా తాటు అత్త ఇంగ్లీషు క్లాసు కిటికీలోంచి తల దూర్చి అరిచింది. టాంగా ఊళ్లో సగం మందికి వినపడే ఉంటుంది. వెనక బెంచీలో కొంబో, అప్పటికింకా నా భర్త కాని కొంబో, సిగ్గుతో పుస్తకంలోకి దూరిపోయాడు.

"వద్దందని చెప్పు!" అన్నాను.

పుస్తకంలోంచి తల చటుక్కున పైకి లేచింది.

"పిచ్చి పట్టిందా నీకు?" అత్త కిటికీ ఊచలు పట్టుకుంది. "ఆ అబ్బాయి పేరు వింటే కూరలో ఉప్పు రెండుసార్లు వేసేదానివి!"

"పాఠం!" సెగేజా మాస్టారు బల్ల చరిచారు. ఊరు మునిగినా ఆయన పాఠం ఆగదు. "ఇవాళ్టి మాట 'బారో', అంటే అరువు తీసుకోవడం. ఇంట్లో, వీధిలో రోజూ అనుకునేట్టు తలా ఒక వాక్యం చెప్పండి."

చేపలమ్మే హమీసి లేచాడు. "ఐ బారో సాల్ట్ ఫ్రమ్ మై నైబర్."

"తిరిగిచ్చిన రోజుంటే అది కూడా చెప్పు!" అంది అతని పొరుగింటావిడ. క్లాసంతా నవ్వింది, నేను తప్ప.

నా వంతొచ్చింది. "కొంబో బారోడ్ మై ఖాంగా!"

"భేష్!" అన్నారు మాస్టారు.

"వానలో తడుస్తున్నాడని నా తలమీద కప్పుకున్న ఖాంగా గుడ్డ తీసిచ్చాను మాస్టారూ! ఇందాక అదే ఖాంగా వేసుకుని మా సందులోంచి ఎవతో అత్తరు ఘుమఘుమలతో వెళ్లింది. అంచున నా ఇస్త్రీపెట్టె కాల్చిన మరక కూడా ఉంది!"

"ఇంగ్లీషులో కోప్పడు తల్లీ."

కొంబో లేచాడు. చెవులు ఎర్రబడ్డాయి. "మై కజిన్ బారోడ్ ఇట్ ఫ్రమ్ మీ..." ఇంగ్లీషు అక్కడితో అయిపోయింది. "మ్వాజుమా, మా పిన్ని కూతురు. పంగానీ నుంచి వస్తూ పడవ దిగేటప్పుడు నీళ్లలో పడింది, తన ఖాంగా తడిసిపోయింది. ఖాంగా లేకుండా పిల్లనడగడానికి ఏ ఆడది గడప తొక్కుతుంది? నా దగ్గర ఉన్నది అదొక్కటే. ఆమె వెళ్లింది మీ ఇంటికే సిహబా. నిన్ను అడగడానికే."

క్లాసంతా ముందుకు వంగింది. హమీసి కళ్లు తుడుచుకున్నాడు కూడా.

నా కోపం తగ్గిందనుకుంటున్నారా? రెండింతలైంది.

"మ్వాజుమా అడిగింది. మీ నాన్న అడిగాడు. మీ బాబాయి అడిగాడు. నువ్వెప్పుడు అడిగావు నన్ను? ఖాంగా అరువు తెచ్చుకున్నావు సరే, నోరు కూడా అరువేనా?"

"భయమేసింది," అన్నాడు. ఆ గొంతు వింటే నవ్వొచ్చింది. కనపడనివ్వలేదు.

"నువ్వు కాదంటే?" అన్నాడు మళ్లీ, మరీ చిన్నగా. "పెద్దవాళ్లతో కాదంటే ఎలాగో బతికేవాణ్ణి. నా మొహం మీదే అంటే..."

నా పుస్తకం మూసి పక్కన పెట్టాను.

"ఇంతకీ వాళ్లకేం చెప్పనే?" అత్త ఇంకా కిటికీలోనే ఉంది. "టీ చల్లారిపోతోంది అక్కడ!"

"ఇంకా ఏమీ చెప్పకు," అని కొంబో వైపు తిరిగాను. "రేపు సాయంత్రం నమాజు కాగానే రేవు దగ్గర కర్రపెండలం వేపుళ్ల బండి దగ్గరికి రా. అత్త నాతో వస్తుంది, కానీ దూరంగా కూర్చుంటుంది. వెంట ఎవర్నీ తీసుకురాకు. నీ నోటితో నువ్వే అడుగు. జవాబు అక్కడ చెప్తాను."