తమ్ముడి బొటనవేలు

స్కూలు చొక్కాలకు గుండీలు కుడుతుంటే ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. తమ్ముడి శవపరీక్ష అయిపోయిందట, సంతకం పెట్టి తీసుకెళ్లమన్నారు. చేతిలో ఉన్న చొక్కా పూర్తి చేసి, దారం కొరికి, కొట్టుకు తాళం వేసి బయలుదేరాను. బస్సులో ఏడవలేదు. ఏడుపంతా ముందురోజే అయిపోయింది.

చచ్చినవాడి కళ్లు చారెడంటారు. నేనలా చెప్పను. నా తమ్ముడి కళ్లు మామూలువే, నోరే చారెడు. ఎవరు ఎవరికి ఏం రాసుకున్నారో పోలీసులకే కాదు, తనక్కూడా కనబడని మెసేజ్ యాప్ ఒకటి తయారుచేశాడు. టీవీల్లో కూర్చుని తొడగొట్టాడు. దాని చాటున దొంగలూ బాగుపడ్డారు, ఆ పాపం వాడిదే. సగం మంది వాణ్ని నెత్తిన పెట్టుకున్నారు, సగం మంది దుమ్మెత్తిపోశారు. జైలుకు వెళ్లాడు, బెయిలు మీద వచ్చాడు, చివరికి ఆఫీసు కుర్చీలోనే గుండె ఆగి పోయాడు. అయినా పోలీసులు అడిగిన ఒక్క పేరు కూడా వాడి నోట్లోంచి రాలేదు. అది మాత్రం ఎక్కడైనా చెబుతాను.

మార్చురీ నేలమాళిగలో ఉంది. మెట్లు దిగుతుంటేనే ఫినాయిల్ వాసన, దాని కింద ఇంకేదో తియ్యటి వాసన. కిటికీలు లేవు. ట్యూబులైటు గుయ్‌మంటోంది. మలుపు దగ్గర ఒక నర్సు కాగితాలు అడుగుతున్నట్టు నా పక్కకి వచ్చింది.

“అక్కా, లోపల ఇన్‌స్పెక్టర్ ఉన్నాడు,” అంది గుసగుసగా. “మీ తమ్ముడి ఫోన్ తెచ్చాడు. శవం వేలు పెట్టి తెరుస్తాడట.”

“తెరిస్తే?”

“లాకప్‌లో చచ్చిపోయిన ఆ కుర్రాడు లేడూ... వాడి ఒంటి మీద దెబ్బల ఫోటోలు మీ తమ్ముడికి పంపింది నేనే. అవి ఆ ఫోన్‌లోనే ఉన్నాయి, నా పేరుతో సహా.” ఆమె పెదాలు ఎండిపోయాయి. “నాకిద్దరు ఆడపిల్లలక్కా. నన్ను బతకనివ్వరు.”

ఆమె నంబరు అడిగి నా ఫోన్‌లో వేసుకున్నాను. ఆమె భుజం నొక్కి లోపలికెళ్లాను.

ఇన్‌స్పెక్టర్ మర్యాదగానే లేచి నిలబడ్డాడు. ఇనుప బల్ల మీద తమ్ముడు. తెల్లగుడ్డ కిందనుంచి కుడిచెయ్యి బయటకి లాగి ఉంది. దాని మీద రబ్బరు సంచి... నడుం నొప్పికి కాపడం పెట్టుకునే వేడినీళ్ల సంచి! వాడి చేతికి కాపడం పెడుతున్నారు!

“చల్లబడిన వేలిని ఫోన్ గుర్తుపట్టదమ్మా,” అన్నాడు. “కోర్టు ఆర్డర్ ఉంది. ఒక్క నిమిషం పని.”

“బతికుండగా ఇవ్వనిది చచ్చాక లాక్కుంటారా?”

“చచ్చినవాళ్లకి రహస్యాలేముంటాయమ్మా?”

“వాడికి లేకపోవచ్చు. వాణ్ని నమ్మి చెప్పినవాళ్లు బతికే ఉన్నారు.”

ఆయన సంచి తీసేశాడు. తమ్ముడి బొటనవేలు పట్టుకుని ఫోన్‌కి ఆనించాడు. ఫోన్ ఒకసారి వణికి ఊరుకుంది. తుడిచి మళ్లీ ఆనించాడు. ఊరుకుంది.

అప్పుడు లైటు ఆరిపోయింది.

శవాల పెట్టెల మోటారు కూడా ఆగింది. అంతసేపూ అది మోగుతోందని ఆగాకే తెలిసింది. చీకటి... కాలిన రబ్బరు వాసన... ఎక్కడో చుక్క చుక్కగా నీళ్లు.

“అమ్మా... మీరెక్కడున్నారు?” ఇన్‌స్పెక్టర్ గొంతు.

“గోడ దగ్గర.”

“మరి... నా పక్కన ఊపిరి తీస్తున్నదెవరు?”

నేను కదల్లేదు. నాకూ వినబడింది. నెమ్మదిగా, నిద్రలో ఉన్నవాడి ఊపిరి. అది బల్ల దగ్గర నుంచి బయలుదేరింది. నా వైపే వచ్చింది. నా ముందు ఆగింది.

ఎవరో నా కుడిచెయ్యి పట్టుకున్నారు. వెచ్చగా ఉంది ఆ చెయ్యి. కాపడం పెట్టినంత వెచ్చగా. నా బొటనవేలికి ఒక బొటనవేలు ఆనింది... గట్టిగా నొక్కింది. చిన్నప్పుడు అమ్మకు తెలియకూడని పని ఏది చేసినా మేమిద్దరం వేసుకునే ఒట్టు అది. ఒట్టు వేస్తే చంపినా చెప్పకూడదు.

లైటు వెలిగింది. తమ్ముడు బల్ల మీదే ఉన్నాడు. ఇన్‌స్పెక్టర్ మొహం పాలిపోయింది, కాని మనిషి మొండివాడు. మళ్లీ వాడి వేలు పట్టుకుని... తిప్పి చూశాడు. కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు.

వేలి మీద గీతలు లేవు. అరిగిన సబ్బుముక్కలా నున్నగా ఉంది. మిగతా వేళ్లూ అంతే.

చీకట్లో ఆ ఊపిరి ఎటు నడిచిందో ఆయనా విన్నాడు. నా వైపు తిరిగాడు. “మీ వేలు... ఒకసారి పెట్టండమ్మా.”

“ఆ ఆర్డర్‌లో నా వేలు రాసుందా?”

ఆయన జేబులోంచి ఆర్డర్ కాగితం తీసి చూసుకున్నాడు.

“లేదు కదా. అయితే నా తమ్ముణ్ని నాకిచ్చి మీ దారిన మీరు వెళ్లండి.”

తమ్ముణ్ని కాటికి సాగనంపి సాయంత్రానికి కొట్టుకొచ్చాను. నర్సుకి ఒక మాట చెబుదామని ఫోన్ తీశాను. నా వేలికి నా ఫోన్ తెరుచుకోలేదు. చీరకొంగుతో తుడిచి మళ్లీ పెట్టాను. ఊహూ.

మిషను లైటు కింద బొటనవేలు చూసుకున్నాను. ఏళ్ల తరబడి సూది గుచ్చుకున్న నా మచ్చలు లేవు. గీతలు నావి కావు. వాటికి అడ్డంగా ఏటవాలుగా ఒక గాటు... చిన్నప్పుడు నా కత్తెర లాక్కోబోయి తమ్ముడు తెగ్గోసుకున్న గాటు.

భయమేసింది. అబద్ధమెందుకు, ఒళ్లంతా చెమట పట్టింది. దానితోపాటే గర్వంగానూ అనిపించింది. “నన్ను నమ్మావట్రా, వెధవా,” అన్నాను పైకే.

ఫోన్ మోగింది. ఇన్‌స్పెక్టర్.

“కొత్త ఆర్డర్ వచ్చిందమ్మా. మీ వేలి కోసం. పొద్దున్నే వస్తున్నాం.”

“రండి,” అన్నాను. “నా చెయ్యి పట్టుకోడానికి కాగితం చాలుతుందేమో చూద్దాం.”

పెట్టేసి, గుడ్డ కోసే పెద్ద కత్తెర అందుకున్నాను. ఆ నర్సు ఇద్దరు ఆడపిల్లలున్నారంది. ఒక వేలు లేకపోయినా గుండీలు కుట్టొచ్చు. కత్తెర ఎడమచేతిలోకి మార్చుకుని, కుడిచెయ్యి బల్ల మీద పెట్టాను.

గుప్పిట మూసుకుంది. బొటనవేలు లోపలికి పోయింది. విప్పబోయాను... రాలేదు. కత్తెర పారేసి, బలమంతా పెట్టి లాగాను. కదల్లేదు.

దాన్ని మూసింది నేను కాదు.